గాజు గదిలో చెప్పిన నిజాలు

ఓబులేసుకు నా మనసులో మాట చెప్పినప్పుడు అతని ఎడమ మణికట్టు జివ్వుమంది. అంటే, మేము కనిపెట్టిన శాస్త్రం ప్రకారం, నేను అబద్ధం చెప్పాను.

హైదరాబాదు శివార్లలో మా ల్యాబు. క్యాంటీన్‌లో భోజనాలయ్యాక, పక్క బల్లలు ఖాళీ అయ్యేదాకా ఆగి చెప్పాను. మూడేళ్ళు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని పనిచేసినవాణ్ణి, ఇంకో పది నిమిషాలు ఆగడం నాకో లెక్క కాదు. "నువ్వంటే నాకు ఇష్టం ఓబులేసూ. స్నేహితుడిగా కాదు" అన్నాను. అతను మజ్జిగ గ్లాసు కింద పెట్టి, చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. నల్లటి పట్టీ మీద ఎర్ర చుక్క వెలుగుతోంది.

"చూడప్పా. నేను గాదు, అది చెప్తాండాది."

"నేను నిజమే చెప్పాను."

"నువ్వు నిజమనే అనుకుంటాండావు ఏలియా. చెప్పేటోనికి గూడా తెలీని అబద్ధాలుంటాయి. అవే పెద్దవి."

కోపంగా అంటే భరించేవాణ్ణి. జాలిగా అన్నాడు.

ఆ పట్టీకి మేం పెట్టుకున్న పేరు నిక్కం. ఎదుటి మనిషి మాట్లాడేటప్పుడు గొంతులో చెవికి అందని వణుకు ఒకటి ఉంటుంది. దాన్ని పట్టి, అబద్ధమైతే నిక్కం చేతిమీద జివ్వుమంటుంది. ఫోన్లో గొంతు, టీవీలో గొంతు దానికి పనికిరావు. మనిషి ఎదురుగా ఉండాలి. పరీక్షలో వందకు తొంభైకి పైగా మార్కులు తెచ్చుకుంది. బెంగళూరు కంపెనీ ఒకటి కొనడానికి సిద్ధంగా ఉంది. జనవరిలో సంతకాలు. సంతకాలయ్యాక యంత్రంతోపాటు ఓబులేసు కూడా బెంగళూరు వెళ్ళిపోతాడు.

ఈ యంత్రం అతని బుర్రలో ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. ఓబులేసు ప్రేమించినతను ఆరేళ్ళపాటు "వచ్చే ఏడు మన సంగతి ఇంట్లో చెప్తాను" అంటూ వచ్చి, చివరికి తన పెళ్ళి శుభలేఖ తెచ్చి చేతిలో పెట్టాడు. అప్పటినుంచి ఓబులేసు మనుషుల్ని నమ్మడం మానేసి మిషన్లను నమ్మడం మొదలుపెట్టాడు. నిక్కం తయారయ్యాక అది కాస్తా సిద్ధాంతమైంది. అతని అనుభవంలో కూరగాయలమ్మేవాడు, ఆటో అతను, బ్యాంకులో గుమాస్తా ఎంత మాట్లాడినా పట్టీ ఉలకదు పలకదు. తనవాళ్ళు అనుకున్నవాళ్ళు నోరు తెరిస్తే చాలు, జివ్వు. "పరాయోళ్ళే నయమప్పా. మోసం చేసేది మనోళ్ళే" అనేవాడు. అది చెప్పేటప్పుడు మొహంలో ఒక తృప్తి కూడా ఉండేది, ముందే చెప్పాను కదా అన్నట్టు.

ఆ సిద్ధాంతానికి అతను పెద్ద మూల్యమే చెల్లించాడు. తల్లిలేని అతన్ని ప్రొద్దుటూరులో పెంచింది వాళ్ళక్క నాగవేణి. ఉగాదికి వెళ్ళి, తన సంగతి ఆమెకు చెప్పేశాడు. "నువ్వెట్లుండినా నా తమ్మునివేరా, నాకు సమ్మతమే" అందామె. పట్టీ అదిరిపోయేలా జివ్వుమంది. పెట్టిన భక్ష్యాలు అలాగే వదిలేసి బస్సెక్కాడు. ఆ తరవాత ఆమె ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

క్రిస్మస్‌కు ల్యాబు మూశారు. ఓబులేసుకు పోవడానికి ఊరు లేదు.

"మా చీరాల రా. సముద్రం ఉంది. అది అబద్ధాలు చెప్పదు" అన్నాను.

"మీ అమ్మ చెప్తాది కదా."

"చెప్తే నీ పట్టీకి పని దొరుకుతుంది, రా."

ఎందుకొచ్చాడో ఇప్పటికీ సరిగా చెప్పడు. కొత్త చోట నిక్కం ఎలా పనిచేస్తుందో చూడటానికని మా ల్యాబు డైరెక్టరు మేడమ్‌కు మాత్రం రాసిచ్చాడు.

మా అమ్మ సలోమి మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. చీరాల పక్కనే పేరాలలో మా ఇల్లు. నా సంగతి అమ్మకు ఎప్పుడో తెలుసు. మొదట ఏడ్చింది, తరవాత ప్రార్థన చేసింది, ఆ తరవాత చర్చిలో ఎవరో ఏదో అంటే వాళ్ళతో పోట్లాడింది. పోట్లాడాక తేలికపడింది. ఇప్పుడు "ఎవరన్నా దొరికారా లేదా" అని పెళ్ళికాని కొడుకున్న తల్లులందరిలాగే విసిగిస్తుంది.

గుమ్మంలో ఓబులేసును చూసి, "రా బాబూ, మా ఇల్లు మీ ఇల్లే అనుకో" అంది. అతను మణికట్టు వైపు చూసుకున్నాడు. కదలలేదు.

"మీ అమ్మ నిజాయితీ మనిషప్పా" అన్నాడు లోపలికొచ్చాక, కాస్త ఆశ్చర్యంగా. నాకు సంతోషం వేసింది. అది సంతోషించాల్సిన విషయం కాదని నాకప్పుడు తెలియదు.

మర్నాడు ఇద్దరం డాబా మీద నక్షత్రం కట్టాం. వెదురు బద్దలు అతను పట్టుకుంటే నేను దారం చుట్టి, రంగు కాగితం అంటించాను. మైదాపిండి జిగురు అతని గడ్డానికి అంటుకుంటే తుడిచాను. చెయ్యి వెనక్కి తీసుకోబోతే పట్టుకున్నాడు.

"ఓబులేసూ..." అన్నాను.

"మాటాడాకు" అన్నాడు. "నువ్వు మాటాడితే ఇది అరుస్తాది. గమ్మునుంటే ఎంత బాగుండాది చూడు."

"పట్టీ తీసెయ్యొచ్చుగా."

"కండ్లుండేటోడు కండ్లు మూసుకోని నడుస్తాడా?"

ఆ రోజునుంచి మా ఇద్దరి మధ్య అదొక ఒప్పందమైపోయింది. ఓడరేవు బీచిలో సాయంత్రం దాకా నడిచేవాళ్ళం, మాటల్లేకుండా. తిరుగు బస్సులో నా భుజం మీద తలపెట్టి నిద్రపోయేవాడు. ఇసుక కాళ్ళతో ఒకే తువ్వాలు పంచుకునేవాళ్ళం. బతుకులో నేనంత సుఖంగా ఎప్పుడూ లేను, అంత నోరు కట్టుకునీ ఎప్పుడూ లేను. నాకు ఓపిక ఎక్కువని అందరూ అంటారు. కానీ ఆ మౌనంలో నాకొక భయం పట్టుకుంది. యంత్రం వందకు తొంభై సార్లు నిజం చెబుతుంది కదా, నేనే నన్ను మోసం చేసుకుంటున్నానేమో? ఒంటరితనానికి ప్రేమని పేరు పెట్టుకున్నానేమో? అద్దంలో చూసుకుని "నాకు ఓబులేసంటే ఇష్టం" అని పైకి అనుకుని, గొంతు వణికిందేమో అని విన్నాను. ముప్పై అయిదేళ్ళ మనిషిని, నా మనసు సంగతి ఒక రబ్బరు పట్టీని అడగాల్సిన గతి పట్టింది. మా పట్టీలు ప్రయోగం కోసం ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళలో ఒకావిడ మొగుణ్ణి వదిలి పుట్టింటికి వెళ్ళిపోయిందని అంతకుముందు విన్నాను. ఆ మొగుడు కూడా ఇలాగే అద్దం ముందు నిలబడి ఉంటాడు.

పండగ ముందురోజు ఉదయం చేపల కోసం ఓడరేవు వెళ్ళాం. ఒకామె చందువాలు చూపించి, "ఇప్పుడే వల్లోంచి తీసినయ్ బాబూ, ఇంకా కొట్టుకుంటన్నయ్" అంది. ఆ చేపల కళ్ళు చూస్తే అవి కొట్టుకోవడం మానేసి చాలాసేపైనట్టుంది. నేను అతని మోచెయ్యి గిల్లాను. అతను పట్టీ చూపించి, "ఉలకలేదు. నిజమే" అని, బేరం కూడా ఆడకుండా కొన్నాడు.

అమ్మ పెరట్లో చేప మొప్ప ఎత్తి చూసి, ముక్కు మూసుకుని, మొత్తం పిల్లులకు పడేసింది.

"గొర్రె కసాయివాణ్ణే నమ్ముద్దని ఊరికే అన్నారా" అంది నవ్వుతూ. "నాతో చెప్తే నేనొచ్చేదాన్ని కదా నాయనా. ఎండలో పడి వెళ్ళావు. ఏమన్నా తిన్నావా?"

పట్టీ జివ్వుమంది. నాకు కూడా వినపడింది.

ఓబులేసు మొహం మాడిపోయింది. గదిలోకొచ్చి మంచం మీద కూలబడ్డాడు. "అయిపాయె. మీ అమ్మ గూడా మొదలుపెట్టింది. నిన్న అన్నం వడ్డిస్తా 'ఇంకొంచెం వేసుకో' అన్నెప్పుడు గూడా ఇట్లనే అరిచింది."

"'ఇంకొంచెం వేసుకో'లో అబద్ధమేముంది? 'తిన్నావా' అనేది అసలు అడగడం కదా?"

"మనసులో ఇంగొకటి పెట్టుకోని అడిగింటాది."

"మరి చేపలామె?"

"ఆమెకు ఎవురో అబద్ధం చెప్పింటారు పాపం" అన్నాడు. కుళ్ళిన చేప అంటగట్టిన మనిషి మీద జాలి, అన్నం పెట్టిన మనిషి మీద అనుమానం. నాకు మొదటిసారి అతని మీద కోపం వచ్చింది.

"మా అమ్మను నువ్వేమైనా అంటే ఊరుకోను."

పట్టీ జివ్వుమంది. అతను దానివైపు చూసి, నావైపు చూశాడు. "సంతకాల కోసరం బెంగళూరుకు రెండో తేదీ పోదామనుకుంటి. రేపు పండగ కాంగానే పోతా" అన్నాడు. ఆగమందామనుకున్నాను. ఏమన్నా అది ఎలాగూ అరుస్తుంది.

పండగ ఉదయం చర్చి మైకులో పాటలు మొదలయ్యాయి. మంచు బాగా కురుస్తోంది. పెరట్లో పొయ్యి పొగ, మంచు కలిసిపోయి చెయ్యి చాచినంత దూరం కూడా కనపడటం లేదు. బాయిలర్ చెడిపోతే అమ్మ కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచి, స్నానాల గదిలో బకెట్‌లో పోసింది. ఓబులేసు తువ్వాలు భుజాన వేసుకుని వెళ్తుంటే వెనకనుంచి అరిచింది.

"నాయనా, ఆ నీళ్ళు సలసలా కాగతన్నయ్. చన్నీళ్ళు కలపకుండా చెయ్యి పెట్టబాక!"

అతను ఒక్క క్షణం ఆగాడు. జివ్వుమంటున్న పట్టీ చూసుకున్నాడు. నవ్వినట్టు పెదవి వంకర చేసి లోపలికి వెళ్ళాడు.

మరుక్షణం కేక.

నేను వెళ్ళేసరికి కుడిచేతి వేళ్ళు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. అమ్మ అతని చెయ్యి గుంజి కుళాయి కింద పెట్టింది. "చిలక్కి చెప్పినట్టు చెప్పానే! వినపడలేదా? పెట్టబాక అంటే పెట్టేదేంది? పెద్ద సైంటిస్టంట!" ఆమె తిడుతుంటే పట్టీ ఆగకుండా జివ్వుమంటోంది. ఓబులేసు నొప్పితో మూలిగి, హఠాత్తుగా నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళు, నోట్లో నవ్వు. మతి పోయిందేమోనని భయపడ్డాను.

"ఏలియా! నీళ్ళు నిజంగానే కాగుతాండాయి!"

"ఆ సంగతి అమ్మ చెప్పింది కదా!"

"చెప్పింది. నిజం చెప్పింది. ఇది అబద్ధమనె!"

అతని మొహంలో నవ్వు మెల్లగా ఆగిపోయింది. ల్యాబులో ఏదైనా చిక్కుముడి దొరికితే అలాగే అవుతాడు. పెరటి మెట్ల మీద కూర్చోబెట్టాను. అమ్మ గిన్నెలో చల్లటి నీళ్ళు పోసి చెయ్యి అందులో పెట్టించి, మందు కోసం లోపలికెళ్ళింది.

"మనం అబద్ధాలు ఎట్ల రికార్డు చేసినాం?" అడిగాడు.

"తెలిసిందేగా. ఊరికే అబద్ధం చెప్పమంటే ఎవరి గొంతూ మారటం లేదని, ఇంట్లోవాళ్ళను పిలిపించాం. భార్య, తల్లి, అన్న, ఎవరో ఒకరు. వాళ్ళ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పించాం."

"నిజాలు?"

"ఇంట్లోవాళ్ళను అంతసేపు కూర్చోబెట్టలేక పంపించేశాం. తరవాత ఒక్కొక్కరినే గాజు గదిలో కూర్చోబెట్టి, కాగితం ఇచ్చి..."

"ఏమి చదివించినాం?"

"సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. నీరు పల్లానికి పారుతుంది."

"ఎవురి ముందర?"

"ఎవరూ లేరు."

ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అబద్ధాలన్నీ కావలసినవాళ్ళ ముందు చెప్పించాం. నిజాలన్నీ గోడ ముందు చదివించాం. పరీక్ష పెట్టింది కూడా ఆ రికార్డింగుల్లోంచి తీసి పక్కన దాచినవాటితోనే. యంత్రం బుద్ధిగా తనకు నేర్పిందే నేర్చుకుంది. అది నేర్చుకున్నది నిజానికీ అబద్ధానికీ తేడా కాదు. ఎదుటి మనిషి తనకు ముఖ్యమైనప్పుడు గొంతులో పుట్టే బెదురు. ఎక్కడ నొప్పిస్తామో, ఎక్కడ దూరమైపోతాడో అన్న బెదురు. చేపలమ్మకు ఆ బెదురెందుకు? వచ్చిన రోజు మా అమ్మకు మాత్రం ఎందుకు?

ఇంత చదువుకుని, ఇంతమందిమి కలిసి చేసిన తప్పు ఇది. సిగ్గుపడాల్సింది. కానీ నా గుండెల మీదనుంచి ఎవరో బండరాయి దించినట్టుంది. నేను అబద్ధం చెప్పలేదు. నన్ను నేను మోసం చేసుకోలేదు. ఇన్నాళ్ళూ నాకున్నది ప్రేమే.

అమ్మ మందు, గుడ్డ తీసుకొచ్చింది.

"అమ్మా, రెండు రెళ్ళు ఎంత?" అన్నాడు ఓబులేసు.

"పండగ పూట లెక్కలేంది నాయనా? చెయ్యి ఇట్టా పెట్టు."

"చెప్పమ్మా. నాకోసరం."

"నాలుగు" అంది అమ్మ, అతని నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూస్తూ.

పట్టీ జివ్వుమంది.

ఓబులేసు బావురుమన్నాడు. చిన్నపిల్లాడిలా కాదు, పెద్దవాళ్ళు ఏడ్చినట్టే, ముక్కు చీదుకుంటూ, మొహం దాచుకుంటూ. అమ్మ కంగారుపడి మంట ఎక్కువైందేమోనని ఊదింది. కట్టు కట్టేసి, అతని తల తన భుజానికి ఆనించుకుని నావైపు చూసింది. "వీడేనా?" అన్నట్టు చూసింది. నేను తలూపాను.

"మావాడికి ఓపికెక్కువ" అంది అతనితో. "అందుకే నాకు బెంగ. ఎదురుచూస్తానే ముసలోడైపోతాడేమోనని."

అమ్మ చర్చికి వెళ్ళాక ఓబులేసు డైరెక్టరు మేడమ్‌కు ఫోన్ చేశాడు. పండగ రోజు ఈ కబురేమిటని ఆమె ముందు విసుక్కుంది. తరవాత చాలాసేపు వింది. సంతకాలు వాయిదా వేస్తే కంపెనీ వెళ్ళిపోతుందని ఒకసారి అంది.

"పోనీండి మేడమ్. ప్రయోగానికి తీస్కపోయిన మన పట్టీ అరిచిందని ఆయమ్మ మొగున్ని ఇడిసిపెట్టి పాయె. ఆయప్ప అబద్ధమాడలేదని ఈ పొద్దే చెప్పల్ల. మీరు చెప్పకపోతే నేను చెప్తా."

కాసేపటికి మేడమే స్వయంగా ఆవిడకు ఫోన్ చేసి, మళ్ళీ మాకు చేసింది. మాట పూర్తయ్యేలోపే ఆవిడ "పెట్టేస్తున్నానండీ, మా ఆయనకు చెయ్యాలి" అని పెట్టేసిందట. మేడమ్ గొంతులో కూడా ఊరట వినపడింది. ఉద్యోగాలు పోతాయేమో, పోవేమో. ఆ పూట ఎవరికీ ఆ దిగులు లేదు.

ఓబులేసు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. ఎడమచేత్తో ఒక నంబరు తీస్తాడు, మూస్తాడు.

"అక్కకా?" అన్నాను.

"ఎత్తుతాదంటావా?"

"చేస్తే కదా తెలిసేది."

"ఫోన్లో ఇది పనిచెయ్యదు. ఆమె ఏమనుకుంటాందో నాకెట్ల తెలుస్తాది?"

"అందరికీ ఎలా తెలుస్తుందో నీకూ అలాగే తెలుస్తుంది. నమ్మాలి."

అతను చేశాడు. స్పీకరు పెట్టాడు, నేనూ వినాలని. అవతల ఒక్క రింగుకే ఎత్తారు. వెనక కుక్కరు కూత.

"అక్కా" అన్నాడు.

అవతలనుంచి తిట్లు వస్తాయనుకున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను. ఆమె కుక్కరు కట్టేసి వచ్చినట్టుంది.

"బువ్వ తిన్యావా?" అంది.

"ల్యా... ఇంగా ల్యాక్కా."

"ఇంతసేపైనా తినకపోతే ఎట్లరా? కడుపు మాడ్చుకోకుండా తినుపో." ఆమె గొంతు అక్కడ తెగింది. సర్దుకుంది. "యాడుండావు?"

ఓబులేసు మణికట్టు చూసుకోలేదు. నన్ను చూశాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడనంత తిన్నగా చూశాడు.

"చీరాలలోక్కా. ఏలియా అని, నాతో పనిచేస్తాడు. వాళ్ళింట్లో. నాకు... నాకు ఆయనంటే ప్రాణమక్కా. ఈ మాట ఆయనకు గూడా నేనింగా చెప్పలేదు. నీకే ముందు చెప్తాండా."

చర్చి మైకులో పాట ఆగింది.

"ఆ పిల్లోడు పక్కనుండాడా?" అంది నాగవేణి.

"ఉండాడు."

"ఫోను ఆయనకియ్యి."

తీసుకున్నాను. ఇన్ని రోజులు మాట్లాడనివ్వలేదని బాధపడ్డవాణ్ణి, తీరా మాట్లాడమంటే ఫోను తలకిందులుగా పట్టుకున్నాను.

"నాయనా, వాడు మొండోడు. ఎవుర్నీ నమ్మడు" అందామె. "కోపమొస్తే అన్నం మీద చూపిస్తాడు. వాన్ని తినిపించే పూచీ నీది. చూసుకుంటావా?"

"చూసుకుంటానక్కా" అన్నాను.